ఉడుతల మీద నూట నలభై ఫిర్యాదులు

రోజు 412

ఈ ఉదయం ఒక్క పూటలో తొమ్మిది చోట్ల గొట్టం కొరికేశాయి. ఏడో వరసలో మూడు, ఎనిమిదిలో రెండు, తూర్పు గోడ పక్కన నాలుగు. మునగ చెట్ల మొదట్లో నీళ్లు మడుగు కట్టాయి. అవి మడుగు కట్టడానికి వదిలిన నీళ్లు కావు. మేం తాగి, స్నానం చేసి, పోసినవి వడగట్టి, మళ్లీ వడగట్టి చెట్లకు పంపే నీళ్లు. ఒక బిందెడు వృథాగా పోయిందంటే మర్నాడు ఎవడో ఒకడు ముఖం కడుక్కోకుండా పనికి వెళ్లాలి.

నేను బురదలో బోర్లా పడుకుని గొట్టానికి పట్టీ వేస్తుంటే నా నెత్తి మీదుగా ఒకటి బాదం చెట్టు మీంచి మునగ మీదకు దూకింది. కుజుడి మీద ఏ బరువైనా మూడో వంతుకు పడిపోతుంది కాబట్టి ఇక్కడ ఉడుత దూకడం అంటే మామూలు దూకడం కాదు. నలభై అడుగులు, తోక గొడుగులా విప్పుకుని, తీరిగ్గా. బెంచీ మీద టీ గ్లాసులతో కూర్చున్న వాళ్లంతా అబ్బ అన్నారు. ఎంత ముద్దుగా ఉందో అన్నారు.

ముద్దట. వీళ్లలో ఒక్కడు వచ్చి నా పక్కన పడుకోమనండి, ఎంత ముద్దుగా ఉంటుందో తెలుస్తుంది.

తొమ్మిదేళ్ల కిందట ఓడలో వీటిని తెప్పించింది ఎవరో డాక్టరట. కప్పు కింద బతికే మనుషులకు మనసు బాగుండాలంటే కళ్ల ముందు ఏదో ఒక ప్రాణి ఆడాలని రాసిచ్చాడట. మన చారల ఉడుత చలికి ఆగదని, ఏదో చలి దేశం నుంచి ఈ బూడిద ఉడుతల్ని పద్నాలుగింటిని తెచ్చారు. ఒక్కొక్కటి మనవాటికి మూడింతలు. ఆ డాక్టరు మనసు బాగు చేసుకుని భూమికి వెళ్లిపోయాడు. గొట్టాలు నాకు మిగిలాయి.

మరమ్మతు కాగితంలో కారణం ఒక్క ముక్కలో రాయమంటారు. ఉడుత అని రాస్తాను. ఇక్కడి ఏడాదికి 668 రోజులు, అందులో నేటికి 412 గడిచాయి, నూట నలభై కాగితాలు అయ్యాయి. మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను. ఒక్క ముక్కలో పట్టే కోపం కాదు నాది.

నా పేరు పైడిరాజు. ఇరవై మూడేళ్లు. చదువు నాలుగో తరగతితో సరి. మూడో గుమ్మటానికి ఊడ్చే పనికి వచ్చాను. గొట్టాల పనివాళ్లు పారేసిన పుస్తకం ఒకటి దొరికితే చీపురు గోడకానించి అట్ట నుంచి అట్ట దాకా చదివాను, నాలుగు సార్లు. భూమి నుంచి ప్లాస్టిక్ రావడం ఆగిపోయాక ఇంజనీర్లు వేరుశనగ పొట్టు పొడి చేసి ఆముదం జిగురుతో గొట్టాలు పోశారు. గోడ పక్క చలికి అవి అప్పడాల్లా విరిగాయి. దానికి మందు కనిపెట్టింది నేను. గానుగలో నూనె తీయగా మిగిలిన తెలగపిండి నాలుగో వంతు కలిపితే గొట్టం వంగుతుంది గానీ విరగదు. ఇంజనీర్లు మూడు రోజులు నమ్మలేదు. నాలుగో రోజు రెండు కిలోమీటర్లు వేయించారు. జనం దాన్ని రాజు గొట్టం అంటారు. నా చేతిలోంచి చీపురు తీసేసి పట్టకారు పెట్టారు.

ఆ గొట్టాన్ని ఈ కుచ్చుతోక ఎలుకలు కొరుకుతున్నాయి.


రోజు 415

సూరమ్మ పెద్దమ్మ కేకేస్తే వెళ్లాను. తోటలో చెట్లన్నీ ఆవిడవే, అంటే ఆవిడ పెంచినవే. పందొమ్మిదేళ్ల కిందట పదకొండు బాదం మొక్కలు తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చిన మనిషి. ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. రెండు ఈ ఏడాదే పోయాయి. ఉడుతలు మాను చుట్టూ బెరడు వలిచేశాయి. గాజు తొడిగినట్టు చుట్టూతా వలిస్తే ఇక చెట్టు వేళ్లకు తిండి దిగదు. నిలబడే చచ్చిపోతుంది.

మూడో చెట్టుకు మొదలుపెట్టాయి. సగం చుట్టు వలిచాయి. ఆవిడ పసుపు కలిపిన మట్టి అక్కడ అద్దుతోంది, దెబ్బ తగిలిన పిల్లాడికి పూసినట్టు.

"సూసినావేట్రా," అంది. "మన ఉడత పండు తింటాది, పోతాది. ఇది సెట్టు సర్మం తింటంది. రాముడు సెయ్యేసుంటే దీని మీద కూడా గీతలుండును. ఆయన కూడా ఒల్లకున్నాడు దీన్ని."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఎన్ని కాగితాలు రాశావని అడిగింది. నూట నలభై దాటాయి అన్నాను. రాయి, ఇంకా రాయి, అవి మేనేజరు మేడం నెత్తి మీద పడేదాకా రాయి అంది. ఈ గుమ్మటంలో నా కోపానికి తోడున్న మనిషి ఆవిడొక్కతే.


రోజు 421

భోజనశాలలో మీటింగు పెట్టారు. గుమ్మటం మేనేజరు హైమావతి మేడం నా కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటీ తిప్పుతూ, ఉడుత, ఉడుత, ఉడుత అని పది దాకా చదివి ఆగింది. ఎవరో నవ్వారు. తర్వాత పోయిన నీళ్ల లెక్క చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

చేతులెత్తించారు. ఉడుతలు వద్దన్నవాళ్లు అరవై ఒక్కమంది, ఉండాలన్నవాళ్లు నలభై.

రోజు 440న తోట తలుపులు మూసి, మనుషుల్ని బయటికి పంపి, లోపలి గాలి తోడేస్తారు. చెట్లు మూడు గంటలు తట్టుకుంటాయి. ఉడుతలు అయిదు నిమిషాలు కూడా తట్టుకోవు. సూరమ్మ పెద్దమ్మ చెయ్యి అందరికంటే ముందు లేచింది. నేను రెండు చేతులూ ఎత్తబోతే పక్కవాడు ఒకటి దించాడు.

క్రేను నడిపే తాతారావు మావ చెయ్యి ఎత్తలేదు. అతను రోజూ డ్యూటీ దిగాక బెంచీ మీద కూర్చుని వాటిని చూస్తాడు. తన అన్నంలోంచి పల్లీలు ఏరి జేబులో దాచుకుంటాడు వాటికోసం. బయటికొస్తుంటే నా పక్కన నడిచాడు.

"నీ కసి తీరిందేటి అల్లుడా," అన్నాడు, మామూలుగా, వాన పడిందా అని అడిగినట్టు.

తీరింది మావా అన్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. తిట్టుంటే బాగుండేది. నాకు తిరిగి తిట్టడం వచ్చు.


రోజు 428

ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఇది రాయక తప్పదు, కనుక రాస్తున్నాను.

గాలి తోడే ముందు గొట్టాలన్నీ ఒకసారి తనిఖీ చేయమన్నారు. తూర్పు నుంచి మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ పడమటి మూలకు వెళ్లాను. అక్కడ రెండు వందల మీటర్లు పాత గొట్టం ఉంది, భూమి నుంచి వచ్చిన నల్ల ప్లాస్టిక్. పాడైతేనే మారుద్దామని వదిలేశారు. అది పాడవలేదు. నేను ఆ మూలకు వెళ్లి ఏడాది దాటింది. ఒక్క పట్టీ కూడా వేయలేదు ఎప్పుడూ.

అక్కడ ఉడుతలు లేవేమో అనుకున్నాను. తలెత్తితే చెట్టుకు మూడేసి గూళ్లు. తోటలో అన్నిటికంటే ఎక్కువ అక్కడే ఉన్నాయి. ఆ నల్ల గొట్టం మీద నడిచి పోతున్నాయి, రోడ్డు మీద నడిచినట్టు. ఒక్కటి కూడా మూతి పెట్టలేదు.

సంచిలోంచి రాజు గొట్టం ముక్క తీశాను. పాత గొట్టం ముక్క ఒకటి కోశాను. రెండూ నేల మీద పక్కపక్కన పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఒకటి దిగింది. ప్లాస్టిక్ ముక్కను తొక్కుకుంటూ పోయి నా ముక్కను రెండు చేతులతో ఎత్తుకుంది. వెనక కాళ్ల మీద కూర్చుని, తిప్పుకుంటూ, జొన్నపొత్తు తిన్నట్టు ఆ చివర నుంచి ఈ చివరకు తినేసింది. తినేసి మూతి తుడుచుకుంది. ఇంకోటి ఉందా అన్నట్టు నా వైపు చూసింది.

నేను ఇంకో ముక్క తీసి వాసన చూశాను. తర్వాత కొరికాను. అవును, కొరికాను. ఎవరూ చూడలేదు.

మా అమ్మ తెలగపిండి, ములక్కాడలు కలిపి వండే కూర ఉంది. ఉప్పు వేయడం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను వాటి మధ్య రెండు కిలోమీటర్ల భోజనం పరిచాను. అవి తింటుంటే దొంగలని నూట నలభై సార్లు రాశాను.


రోజు 431

మూడు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. పట్టీలు వేస్తున్నాను. కాగితంలో ఉడుత అనే రాస్తున్నాను.

నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇది: గొట్టం సంగతి సరే, బెరడు మాటేమిటి? బాదం మానులో తెలగపిండి కలిపింది నేను కాదు కదా. అది వాటి తప్పే కదా.

ఈ సమాధానం పట్టుకుని రెండు రోజులు హాయిగా తిరిగాను. నిన్న తాతారావు మావను మాటల్లో పెట్టి ఒకప్పుడు ఉడుతలు ఎన్ని ఉండేవని అడిగాను. అతనికి వేరే పని లేదు, లెక్క పెడుతూనే ఉంటాడు. ఏడేళ్ల పాటు యాభై దాటలేదు. దొరికినదేదో తిని ఉన్నంతలో ఉండేవి. బెరడు జోలికి పోలేదు. గత రెండేళ్లలో మూడు వందలు అయ్యాయి. తిండి ఎక్కడ దొరుకుతోందో తెలియడం లేదు అల్లుడా అన్నాడు.

రాజు గొట్టం వేసి రెండేళ్లు.

యాభైకి సరిపోయే తోటలో మూడు వందలు పుడితే వాటి పళ్లు ఊరుకుంటాయా? కొత్తగా పుట్టినవాటికి చోటు లేదు, గింజ లేదు. బెరడు వలుస్తున్నాయి. వాటిని పుట్టించింది నా తెలగపిండే.

చెబితే ఏమవుతుందో తెలుసు. పట్టకారు తీసుకుని చీపురు ఇస్తారు. ఇంజనీర్లు మేం ముందే అనుకున్నాం అంటారు. చెప్పకపోతే తొమ్మిది రోజుల్లో మూడు వందల ప్రాణాలు నోళ్లు తెరుచుకుని రాలిపోతాయి, నా కాగితాల మీద. పైగా నా గొట్టం ఇక్కడే ఉంటుంది, నా పేరుతో, ఎంతో బాగా పని చేస్తూ.

ఈ మాట రాస్తుంటే చేతిలో పెన్ను విరిచేయాలనిపిస్తోంది. ఉడుతల మీద కాదు కోపం. కాస్త వాటి మీదా ఉంది.


రోజు 433

ముందు సూరమ్మ పెద్దమ్మకు చెప్పాను. మేడం కంటే ఆవిడకే ముందు చెప్పాలి అనిపించింది. చచ్చినవి ఆవిడ చెట్లు.

ఆవిడ మట్టి కలుపుతోంది. నేను నిలబడి మొత్తం చెప్పాను, గొట్టం కొరికి రుచి చూసిన సంగతితో సహా. ఆవిడ చేతులు ఆగలేదు. అంతా అయ్యాక అడిగింది.

"మరైతే నా రెండు సెట్లను సంపింది నువ్వా, అవా?"

"ఇద్దరం."

మట్టి ముద్ద నా చేతికిచ్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. ఆవిడ దానిలోంచి కొంచెం కొంచెం తీసి చెట్టుకు పూసింది. పూయడం అయ్యాక చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇంకెవలికీ సెప్పకు. ఏడు రోజులు నోరు మూసుకో. అవి పోనాక నీ గొట్టం నువ్వు మార్సుకో, ఎవలడుగుతారు? నీ పనీ ఉంటాది, నా సెట్లూ ఉంటాయి."

నేను అయిదు రోజులుగా ఎవరైనా చెబితే బాగుండునని ఎదురుచూసిన మాట అదే. అచ్చంగా అదే. ఆవిడ నోటి నుంచి వినేసరికి ఒళ్లు మండిపోయింది. ఎంత సుళువుగా ఉందో అది. అవి లేకుండా పోతే ఇక నేను చేసింది కూడా లేకుండా పోతుంది.

"తప్పు నాదీ, సచ్చేది అవీ అయితే ఎలాగే పెద్దమ్మా?" అన్నాను.

"నీకూ నాకూ నచ్చనివి అవి," అంది. "అయిదు దినాల్లోనే సుట్టాలైపోనాయేటి?"

కాలేదు అన్నాను. ఆవిడ అటు తిరిగి కూర్చుంది.


రోజు 436

చెప్పేశాను. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరి ముందు. మేడం గదిలోకి వెళ్లి తలుపు మూసి చెబుదామనుకున్నాను. కానీ నూట నలభై కాగితాలు అందరి ముందు చదివించుకున్నవాడు ఈ ఒక్కటి చాటుగా చెప్పకూడదు.

కొత్త గొట్టం ముక్క, పాత గొట్టం ముక్క బల్ల మీద పెట్టాను. కావాలంటే తోటలోకి వచ్చి చూడమన్నాను. ఇరవై మంది వచ్చి చూశారు. ఇద్దరు కొరికి కూడా చూశారు. ఒకడు ఉల్లిపాయ ఉంటే బాగుండేది అన్నాడు. నవ్వులు. నా చెవులు కాలిపోయాయి.

మేడం నవ్వలేదు. నన్ను నిలబెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. రాజు గొట్టం తీసేస్తే చెట్లకు నీళ్లు ఎలా? కొత్త మిశ్రమం కుదిరేదాకా బిందెలతో నేను మోస్తాను అన్నాను. తీసేస్తే ఆకలికి బెరడు ఇంకా వలుస్తాయి కదా, దానికి? మానులకు రేకు చుడతాను అన్నాను. అప్పుడు మూడోది అడిగింది.

"రేకు చుడితే అవి ఏం తింటాయి, పైడిరాజూ?"

తెలియదు మేడం అన్నాను.

గాలి తోడటం అరవై రోజులు వాయిదా వేసింది. ఈలోపు ఒక్క చెట్టు పోయినా వెంటనే తలుపులు మూస్తానంది. పట్టకారు తీసుకున్నారు. చీపురు ఇవ్వలేదు, రెండు నలభై లీటర్ల డబ్బాలు ఇచ్చారు. సూరమ్మ పెద్దమ్మ తన పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయింది.


రోజు 440

గాలి తోడాల్సిన రోజు. నీళ్లు మోశాను. ఇక్కడి బరువులో కూడా ఎనభై లీటర్లు భుజాలకు తెలుస్తాయి. నూట పదిహేను విడతలు.

మధ్యలో గొట్టం ఊడబీకుతున్నాను. తాతారావు మావ సరుకు డబ్బాల రేకులు కోసి తెచ్చాడు. అడక్కుండానే తెచ్చాడు. ఇద్దరం బాదం మానులకు నేల నుంచి మొదటి కొమ్మ దాకా రేకు చుట్టాం, సూరమ్మ పెద్దమ్మ చూస్తుండగా. ఆవిడ నాతో మాట్లాడదు. బిగింపు వదులుగా ఉంటే వచ్చి తనే బిగించి పోతుంది.

తీసిన గొట్టం గోడ పక్కన గుట్ట వేసి, పైన ఇనుప వల కప్పాం. ఎరువులోకి దంచాలట. ఉడుతలు వల చుట్టూ తిరుగుతున్నాయి.


రోజు 463

ముప్పై ఎనిమిది చచ్చాయి. గాలి తోడితే అయిదు నిమిషాల్లో పోయేవి. ఇప్పుడు ఆకలితో రోజులు పట్టి పోతున్నాయి. పొద్దున్నే నీళ్లకంటే ముందు వాటిని ఏరి ఎరువు గుంటకు తీసుకెళ్లడం నా పని. పెద్ద తోక, కింద పిడికెడు ఒళ్లు. బెంచీ మీద ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. ముద్దుగా ఉన్నప్పుడు చూసిన కళ్లన్నీ ఎక్కడికి పోయాయో. తాతారావు మావ ఒక్కడే వస్తున్నాడు, జేబులో పల్లీలతో. మూడు వందలకు గుప్పెడు పల్లీలు.

చెట్లు ఒక్కటీ పోలేదు. నేను గెలిచినట్టే లెక్క. ఇంత దరిద్రంగా గెలిచినవాడు ఇంకెవడూ ఉండడు.

ఇవాళ నీళ్లు పోస్తుంటే, సూరమ్మ పెద్దమ్మ మూడో బాదం కింద ఉంది. పై కొమ్మ నుంచి ఒకటి దిగబోయి రేకు మీద జారింది. పట్టు దొరక్క పడిపోయింది. ఇక్కడ పడటం కూడా నెమ్మదే. ఎండాకు పడ్డట్టు తిరుగుతూ వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పడింది. పారిపోలేదు. లేవడానికి ఒకసారి చూసింది, ఊరుకుంది. పక్కటెముకలు కదులుతున్నాయి, అంతే.

నేను పార తీసుకుని వచ్చాను, తీసేయమంటుందని.

ఆవిడ నా పారను పక్కకు నెట్టింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

"ఆ గొట్టం ముక్కొకటి ఇటు తే," అంది.

వల ఎత్తి తెచ్చాను. ఆవిడ రాయితో నలగ్గొట్టి, చేత్తో పెట్టకుండా, దాని మూతి ముందు నేల మీద పోసింది. అది కాసేపటికి మెడ చాచి నాకింది. తర్వాత తిన్నది.

"ఆ గుట్ట ఎన్నాల్లొస్తాది?" అని అడిగింది.

నాకు అప్పటికి గానీ బుర్ర వెలగలేదు. రెండు కిలోమీటర్ల తిండి గోడ పక్కన పెట్టుకుని ఎరువుకు దంచుదామని చూస్తున్నాం. రోజుకు ఇంత అని కోసి పెడుతూ, వారం వారం కాస్త తగ్గిస్తూ పోతే ఏడాది దాటి వస్తుంది. ఈలోగా కొత్తవి పుట్టకూడదు. మా పళ్ల డాక్టరు, పట్టి తెచ్చిస్తే మగవాటికి ఆపరేషను చేస్తానని ఒకసారి తమాషాకు అన్నాడు. తమాషా కాదు, చెయ్యమని అడగాలి. అవి ముసలివై, తగ్గి, మళ్లీ యాభై దగ్గర ఆగితే తోట మోస్తుంది. ఇదంతా గబగబా చెప్పాను.

ఆవిడ లేచి, పద అంది.

మేడం దగ్గర ఆవిడే మాట్లాడింది. నాలుగే మాటలు: వాటికి తిండి పెట్టాలి, పుట్టనివ్వకూడదు, సెట్ల కాడికి రానివ్వకూడదు, గాలి తియ్యొద్దు. మేడం కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెట్ల మనిషే వద్దంటుంటే తలుపులు ఎవరికోసం మూయాలి అంటూ ఉత్తర్వు కాగితం తీసి, అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టింది.

తిరిగి వస్తుంటే అడిగాను.

"నా మీద కోపం పోయిందా పెద్దమ్మా?"

"నేదు. పోదు. దాని మీదా పోదు," అంది. "కత్తి తే. రెండు తే."

పడమటి మూల, బాదం చెట్లకు దూరంగా, ఇద్దరం గొట్టం ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడ జాన కొలిచి కోస్తోంది, నేను ఆవిడ్ని చూసి కోస్తున్నాను. కాసేపటికి ముప్పై నలభై దాకా దిగి వచ్చి చుట్టూ కూర్చున్నాయి, చేతులు రొమ్ముకు ఆనించుకుని. ఒకటి వచ్చి నా చెప్పు కొరికితే దాన్ని తిట్టాను.

సూరమ్మ పెద్దమ్మ నన్ను తిట్టింది, ముక్కలు మరీ చిన్నవి కోస్తున్నానని. భోజనం గంట కొట్టేలోపు రెండుసార్లు తిట్టింది.